పరాయి సీసాలో తాత వాటా

కన్నారావు ఉత్త టీ పోస్తుంటే చూడాలి. మాది యాంగోన్, మన పెద్దల మాటలో రంగం. పబేడాన్‌లో మేం కూర్చునే కొట్లో ప్రతి బల్ల మీదా పాలూ పంచదారా లేని టీ ప్లాస్కు ఒకటి ఉంటుంది. ఎంత తాగినా అడిగేవాళ్ళు లేరు. కన్నారావు ఆ ప్లాస్కు అందుకుని, ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని, కప్పులో అడుగుకి కొంచెం పోసి, మణికట్టు సుతారంగా తిప్పి ఆపుతాడు.

"కప్పు నింపితే నీ సొమ్మేం పోయిందయ్యా?" అన్నాను మొదటిసారి.

"వాసన తిరగడానికి సోటుండాల మేస్టారూ" అన్నాడు.

ఆ టీకి వాసనంటూ ఉంటే అది కప్పు కడిగిన సబ్బుది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నన్ను మేస్టారూ అంటాడు గానీ నేను ఎవరికీ ఏమీ నేర్పినవాణ్ణి కాను. ఫ్యాన్లూ ఇన్వర్టర్లూ బాగుచేస్తాను. అదీ ఒకరి దగ్గర నేర్చుకున్నది కాదు, విప్పి చూసి, మళ్ళీ బిగించాక బల్ల మీద మిగిలిపోయిన మరల్ని చూసి నేర్చుకున్నది. తెలుగు చదవడం కూడా గుళ్ళో దాతల పేర్లు చెక్కిన రాళ్ళ దగ్గర నిలబడి కూడబలుక్కున్నదే. అందులోనూ కొన్ని మరలు మిగిలే ఉన్నాయి. అయినా మా వీధిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో ఆ పిలుపు నాకు అంటుకుపోయింది.

కన్నారావుది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తాత జోగి ఓడ దిగి, ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తండ్రి అదే రేవులో ఓడలకి తాళ్ళు కట్టాడు. కన్నారావు కుర్రతనంలో మింగళాడోన్ విమానాశ్రయానికి వెళ్ళి విమానాల్లోకి భోజనం బళ్ళు ఎక్కించేవాడు. విమానంలోపలికి రోజూ వెళ్ళి, ఒక్కసారీ ఎగరకుండా దిగిపోయిన మనిషి. తర్వాత ఊ సోయ్ విన్ గారి హోటల్లో చేరాడు. అక్కడ వంట కింద, తినడం మీద. మధ్యన టేకు మెట్లు. ఆ మెట్ల మీద ప్లేట్లు మోస్తూ జుట్టు నెరిసింది.

"మా తాత బస్తాలు, మా అయ్య తాళ్ళు, నాను ప్లేట్లు" అని చెప్పుకుంటాడు. "తరం తరానికీ బరువు తగ్గతంది మేస్టారూ. వొచ్చీ తరంలో ఉత్త సేతులూపుకుంటా తిరుగుతారు."

కిందటి ఎండాకాలం ఆయన మోకాళ్ళు తిరగబడ్డాయి. మెట్టెక్కితే ఎముకలు పటపటలాడేవి. ఎంత గట్టిగా అంటే, తినేవాళ్ళు కూర వస్తోందని ఆ చప్పుడుతోనే తెలుసుకునేవారట. ఇది ఆయన చెప్పిందే, నేను కలిపింది కాదు.

ఒకరోజు ఊ సోయ్ విన్ పిలిచారు. వైన్ సీసాలు తీసి పోసే కుర్రాడు దేశం వదిలి వెళ్ళిపోయాడు. ఆ పని మేడమీదే, సీసాల బీరువా పక్కనే నిలబడి చేసుకోవచ్చు. మెట్లతో పని లేదు. శనివారం మధ్యాహ్నం డా హ్నిన్ భోజనానికి వస్తున్నారు. ఆవిడ బయటి దేశాల నుంచి వైన్ తెప్పించి హోటళ్ళకి అమ్మే పెద్దావిడ. ముసలి గ్రెనాష్ ద్రాక్షతీగల నుంచి తీసిన ఎర్ర వైన్ కొత్తగా తెప్పించారు, అదే తాగుతారు. ఆ సీసాలు కన్నారావు తియ్యాలి. బాగా తీస్తే బీరువా తాళం ఆయనదే.

"లేకపోతే?" అని అడిగాను.

"నేకపోతే ఇంటికాడ విశ్రాంతి తీసుకోమన్నారు. ఎంత ప్రేమగా అన్నారంటే మేస్టారూ, మోకాళ్ళ నొప్పి గుండికెక్కిపోనాది."

నవ్వాడు గానీ కప్పులో టీ ముట్టలేదు. ఇంట్లో ముసలి తల్లి చిలకమ్మ, భార్య ఆయే ఆయే, ఆయన తెచ్చే జీతం. ప్లేట్లు మొయ్యలేడు, వేరే పని రాదు. మిగిలింది ఆ సీసాలే.

సరే, వాళ్ళింట్లో చదువు మొదలుపెట్టాం. కరెంటూ నెట్టూ రెండూ ఒకేసారి ఉన్నప్పుడు నా ఫోన్లో గ్రెనాష్ గురించి వెతికాం. నేను చదవడం, నాకు అర్థమైనంత మటుకు తెలుగులోకి మార్చడం. అర్థం కానిచోట గొంతు పెంచేవాణ్ణి. ఈ తీగలు కొన్నిచోట్ల వందేళ్ళు దాటినా బతికే ఉంటాయట. వీటికి పందిరి వెయ్యరు. లావాటి మొద్దులా, నేలకి దగ్గరగా, ఎవరి ఆసరా లేకుండా నిలబడతాయి. ఎండకి భయపడవు. వయసయ్యేకొద్దీ గుత్తులు తగ్గుతాయి, తగ్గినకొద్దీ ఉన్న పండులోనే రసం చిక్కబడుతుంది. రంగు మాత్రం పల్చన. చూసి తేలిక అనుకుని తాగితే తలకెక్కుతుంది.

కన్నారావు శ్రద్ధగా విన్నాడు. "అంటే నాలాటిదే. ముసిల్ది, పందిరి నేదు, కాపు తక్కువ."

అక్కడే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ఆయే ఆయే తలెత్తింది. ఆవిడ బర్మా మనిషి, తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకుంది. మామూలు మాటల్లో కాస్త తడుముకుంటుంది గానీ వెటకారంలో తడబాటు లేదు. "కాపు తక్కువ, అది నిజిం. చిక్కదనం ఎక్కడుందో ఎతుకుతున్నాను, ఇన్నేళ్ళబట్టీ" అంది.

మాకున్న పెద్ద చిక్కు, మేమిద్దరం ఆ వైన్ ఎప్పుడూ తాగలేదు. కన్నారావు పండగలకి రమ్ము పుచ్చుకుంటాడు, నాకు ఆమాత్రం కూడా లేదు. దాని వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే? స్ట్రాబెర్రీ, తెల్ల మిరియం, ఎండిన అడవి ఆకులు అని ఫోన్లో ఉంది. "ఎండిన అడివి ఆకులు మా అమ్మ సుట్టలో ఉంతాయి" అన్నాడు కన్నారావు. చివరికి రేగువడియం మీద మిరియప్పొడి చల్లినట్టుంటుందని చెప్పాలని నిర్ణయించాం. ఏ ఆధారంతో నిర్ణయించామో నన్నడగకండి. మేస్టారు నిర్ణయించాడు, అంతే.

సీసా తియ్యడం మాత్రం సాధన చేశాడు. హోటల్లో ఖాళీ సీసాలు తెచ్చి, చింతపండు నీళ్ళు పోసి, బిరడాలు తిరిగి కొట్టి, రోజూ తీసేవాడు. ఆయే ఆయే అతిథి. ఆవిడ బుద్ధుడి పంచశీలాలు పట్టే మనిషి, మద్యం ముట్టదు. కానీ అతిథిగా కూర్చోబెడితే ఆవిడంత కఠినమైన అతిథి యాంగోన్‌లో దొరకదు. చింతపండు నీళ్ళు పుక్కిలించి, "బాగోలేదు, తీసుకుపో, ఇంకోటి తే" అనేది. ఇంకోటి తెస్తే, "ముందుదే నయం" అనేది.

చల్లదనం దగ్గర ఇంకో ఇబ్బంది. ఎర్ర వైన్ గది వేడిలో ఉండాలని ఫోన్ చెప్పింది. చెప్పినవాడి గది ఎక్కడుందో గానీ, చైత్రమాసంలో మా గదిలో పెడితే అది వైన్ కాదు, చారు. హోటల్లో సీసాల ఫ్రిజ్‌కి రోజులో సగం కరెంటుండదు. కన్నారావు ట్వంటే నుంచి కుండలు తెచ్చే పడవ దగ్గరికి పోయి ఒక పెద్ద కుండ, ఒక చిన్న కుండ తెచ్చాడు. పెద్దదాంట్లో తడి ఇసక, ఇసకలో చిన్న కుండ, దాంట్లో సీసాలు, మీద తడిగుడ్డ. పని చేసింది. మా చదువు మొత్తంలో పని చేసింది అదొక్కటే, అదీ మేం ఎక్కడా చదవలేదు.

శనివారం నేనూ అక్కడే ఉన్నాను. ఇన్వర్టర్ చూడమని పిలిపించారు. చూడ్డానికి పావుగంట చాలు, కానీ భోజనాల గది తలుపు పక్కన కూర్చుని అదే మరను విప్పుతూ బిగిస్తూ ఉన్నాను.

బల్ల దగ్గర ఊ సోయ్ విన్, డా హ్నిన్, ఆవిడ వెంట ఇద్దరు బంధువులు. కన్నారావు నల్ల ఏప్రన్ కట్టుకుని వచ్చాడు. సీసా మీది కాగితం చూపించాడు. రేకు కోశాడు. బిరడా చప్పుడు లేకుండా తీశాడు, అంచు తుడిచాడు. నా ఛాతీ ఉబ్బింది, నేనే తీసినట్టు. ఇక ఒక చుక్క డా హ్నిన్ గ్లాసులో పోసి, ఆవిడ బాగుందంటే అందరికీ పొయ్యాలి.

కన్నారావు సీసా వంచి, గ్లాసుకి కాక, నేల మీద మూడు చుక్కలు వదిలాడు. పెదాలు కదిలాయి కూడా.

కావాలని చేసింది కాదు. వాళ్ళింట్లో కల్లయినా రమ్మయినా మూత తీస్తే ముందు నేలకి సాక పొయ్యాలి. పైడితల్లికీ, పోయిన పెద్దలకీ వాటా ఇచ్చాకే మనుషులకి. జోగి కొడుక్కి నేర్పాడు, ఆ కొడుకు కన్నారావుకి నేర్పాడు. ఇన్ని రోజులూ సాధన చేసింది చింతపండు నీళ్ళతో, దానికి సాక ఎవరు పోస్తారు? ఆ రోజు సీసాలో నిజం మద్యం ఉంది. వాసన తగిలేసరికి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

మెరుగు పెట్టిన టేకు నేల మీద మూడు ఎర్రటి మచ్చలు. ఊ సోయ్ విన్ మొహంలో రంగు లేదు. నా చేతిలో మర జారి, ఇన్వర్టర్లో పడి, ఈరోజుకీ దొరకలేదు.

"ఇదేమిటి?" అన్నారు డా హ్నిన్ బర్మాలో.

కన్నారావు రేగువడియం దగ్గర్నించి వందేళ్ళ తీగ దాకా అన్నీ మర్చిపోయాడు. "మా తాతకమ్మా" అన్నాడు.

"ఎక్కడున్నారు ఆయన?"

"పోయారమ్మా. రేవులో బస్తాలు మోసేవారు."

ఆవిడ ఆ మచ్చలకేసి కాసేపు చూశారు. బర్మావాళ్ళూ పోయినవాళ్ళ ఆత్మలకి, కాపాడే దేవతలైన నాట్‌లకి నైవేద్యాలు పెడతారు, కాబట్టి ఆవిడకి వింతేమీ కాలేదు. వింత కాకపోగా తెగ నచ్చింది. రెండో సీసా తెచ్చేసరికి ఫోన్ పైకెత్తి పట్టుకుని, "మళ్ళీ చెయ్యి, అలాగే, నెమ్మదిగా" అన్నారు. కన్నారావు మళ్ళీ చేశాడు. మర్నాటికి ఆ వీడియో ఫేస్‌బుక్‌లో ఊరంతా తిరిగింది. సోమవారానికి, ఆ ముసలాయన చేత సాక పోయించుకోవడానికే వస్తామని పారిశ్రామికవాడ నుంచి ఒక బృందం బల్ల చెప్పుకుంది. ఊ సోయ్ విన్ ఇత్తడి పళ్ళెం ఒకటి కొన్నారు, నేల పాడవకుండా. ప్రతి సీసాకీ, ప్రతి బల్ల దగ్గరా చెయ్యాలన్నారు. బీరువా తాళం కూడా ఇచ్చేశారు.

ఆదివారం కన్నారావు ఆ తాళం జేబులోంచి తీసి చూపిస్తూ ఇంట్లో తిరిగాడు. "మూడు సుక్కలు ఒలకబోసి పెద్దోణ్ణయిపోనాను మేస్టారూ. సీసా ఒలకబోసుంటే మేనేజర్నయిపోదును." నేను చప్పట్లు కొట్టాను. ఆయే ఆయే అత్తగారికి వీడియో చూపించింది.

చిలకమ్మ ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూసింది. మళ్ళీ చూసింది.

"ఒరే కన్నా, ఆ సీసా నీదేట్రా?"

"నాదెలాగవుతాదే అమ్మా? గెస్టులది."

"పరాయోడి సీసాలోంచి మీ తాతకి పోసినావేటి?" ముసలమ్మ గొంతు పెరిగింది. "ఆడు రంగం రేవులో ఏల బస్తాలు మోసినాడు. సిరిగిపోన బస్తాలోంచి గింజలు రాల్తంటే, అందరూ ఒళ్ళో ఏసుకునీవోరు. ఆడు గుప్పిడైనా తీసుకోనేదు. అడగరా, ఈదిలో ఎవులన్నా ముసిలోళ్ళుంటే అడుగు! అలాటోణ్ణి సచ్చినాక దొంగని సేసీసినావు. అదీ ఊరందరికీ సినిమా తీసి సూపించి."

"సెయ్యి జారిపోనాదే..."

"ఒకపాలి జారితే సెయ్యి. రెండోపాలి పోసినావు కదా, ఆ ఫోనామె సెప్పిందని? అదేటి జారింది?"

కన్నారావు తాళం జేబులో దాచేశాడు. చప్పట్లు కొట్టిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టీ తాగాను. సాక గురించి నాకు చాలా తెలుసనుకునేవాణ్ణి. ఎవరికి పొయ్యాలో, ఎన్ని చుక్కలో తెలుసు. ఎవరి సీసాలోంచి అన్న ప్రశ్న మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

సోమవారం ఇద్దరం కలిసి వెళ్ళాం. నేను వెళ్ళడానికి కారణం ఇన్వర్టర్లో పడిన మర. దారంతా కన్నారావు బర్మాలో వల్లె వేశాడు. ఎంతో మర్యాదగా, ఎక్కడా తాత మాట రాకుండా, నేల మరకల గురించి, చీమల గురించి చెప్పి తప్పించుకోవాలని పథకం. పథకం నాదే. మెట్లెక్కేసరికి మోకాళ్ళు పటపటలాడాయి, చీమలు ఎగిరిపోయాయి.

"సయా, నేను పొయ్యలేను" అన్నాడు ఊ సోయ్ విన్‌తో. ఇక్కడ యజమానినీ గురువునీ కూడా సయా అనే అంటారు.

"శనివారం పోశావు కదా."

"తప్పు చేశాను సయా. మాకు ఎవరి సీసాలోంచి వాళ్ళే పోసుకోవాలి. కొనుక్కున్నవాడిది తీసి మా తాతకి పోస్తే దొంగతనమని మా అమ్మ అంటోంది."

"కొన్నవాళ్ళు సంతోషంగానే ఉన్నారయ్యా."

"వాళ్ళు సంతోషమే సయా. మా తాత కాదు."

ఊ సోయ్ విన్ కళ్ళజోడు తీశారు. "నువ్వు పని చేసేది నా దగ్గరా, మీ తాత దగ్గరా?"

నేను ఇన్వర్టర్లో తల దూర్చాను. కన్నారావు జేబులోంచి బీరువా తాళం తీసి బల్ల మీద పెట్టాడు. "మీ దగ్గరే సయా. అందుకే ఇంటికి పొమ్మంటే పోతాను."

అది ధైర్యమని నేను అన్నాను తర్వాత. ఆయన ఒప్పుకోలేదు. "దైర్యమేటి మేస్టారూ. ఈయన కోప్పడితే ఇంటికి ఎల్లిపోవచ్చు. అమ్మ కోప్పడితే ఎక్కడికెల్తాను?"

ఊ సోయ్ విన్ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయనా శీలాలు పట్టే మనిషే. ఇవ్వనిది తీసుకోకూడదన్నది ఆయన రోజూ బుద్ధుడి ముందు కూర్చుని పలికే మాట. కింద బృందం వచ్చేసింది, మెట్ల మీద అడుగుల చప్పుడు.

"కొన్నవాడు తన చేత్తో తనే పోసుకుంటే?"

"అతని సీసా, అతని పెద్దలు. నాకేం సయా?"

"మరి నువ్వేం చేస్తావు?"

"బిరడా తీస్తాను."

తాళం తిరిగి ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. "పో, తియ్యి" అన్నారు.

బృందంలో పెద్దాయన ఫ్యాక్టరీ మేనేజరులా ఉన్నాడు. ఫోన్ సిద్ధంగా పట్టుకున్నాడు. కన్నారావు కుండలోంచి తీసిన గ్రెనాష్ సీసా విప్పి, అంచు తుడిచి, ఇత్తడి పళ్ళెం ఆయన ముందు పెట్టి, "మీ సీసా అండీ. మీ ఇంట్లో పోయినవాళ్ళకి మీ చేత్తో పొయ్యచ్చు. వద్దంటే నేరుగా గ్లాసులో పోస్తాను" అన్నాడు. ఆయన బిత్తరపోయాడు. ఫోన్ పక్కనున్న ఆవిడకిచ్చాడు, మళ్ళీ తీసుకున్నాడు, ఆఖరికి కింద పెట్టేశాడు. సీసా అందుకుని తల్లి పేరు ఏదో గొణిగి, పళ్ళెంలో పోశాడు. ఎక్కువే పోశాడు. పక్క బల్ల దగ్గర కుర్ర జంట మాత్రం, "ఒక్క చుక్క కూడా వద్దు, మొత్తం మాకే పొయ్యండి" అన్నారు. కన్నారావు హాయిగా పోశాడు.

వాళ్ళు వెళ్ళాక ఊ సోయ్ విన్ పైకి వచ్చి, బల్ల మీది తాళం ఒకసారి చూసి, "దాన్ని అక్కడ పడేస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడు, జేబులో పెట్టుకో" అని కిందికి వెళ్ళిపోయారు. ఉద్యోగం ఇవ్వడమంటే అదే. కన్నారావు కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. చాలాసేపు నవ్వాడు. మధ్యలో ఒకసారి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకున్నాడు, చెమట అని చెప్పాడు.

ఫ్యాక్టరీ మేనేజరు సీసాలో కొంచెం మిగిల్చి, "ఇది నువ్వు తీసుకో" అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట అన్నాడని కన్నారావు నన్ను సాక్ష్యం పెట్టుకున్నాడు. సాయంత్రం ఎండ తగ్గకముందే ఇంటికి చేరి సీసా తల్లి ముందు పెట్టాం.

"నీదేనేట్రా?"

"నాదే. ఇచ్చినాడు. మేస్టార్ని అడుగు."

"ఇచ్చాడమ్మా" అన్నాను. నా చదువు ఎవరికైనా ఉపయోగపడిందంటే ఈ ఒక్క మాటే.

కన్నారావు గుమ్మం ముందు వంగి, తాత పేరు చెప్పి, మూడు చుక్కలు వదిలాడు. చిలకమ్మ గడపలో నిలబడి చూసింది.

"అదేట్రా పిసినారీ, మీ తాత పిట్టేటి? బస్తాలు మోసినోడురా. పొయ్యి."

పోశాడు.

"ఇంకా పొయ్యి. మీ అయ్యకో?"

పోశాడు. సీసా ఎత్తి చూస్తే అడుగున ఒక గుక్క ఉంది. అది నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. వందేళ్ళ తీగలు, చిక్కబడ్డ రసం, స్ట్రాబెర్రీ, ఎండిన ఆకులు. నేను ఆత్రంగా ముందుకి వంగాను.

"ఎలా ఉందయ్యా?"

కన్నారావు గుటక వేసి, నాలుక ఆడించి, ఖాళీ సీసాకేసి చూశాడు.

"మా తాతనడగాల మేస్టారూ" అన్నాడు. "ఎక్కువ తాగింది ఆడే."